సోషియాలజీ మహామహులు: మన నోట్స్‌లోని అపోహలు, అసలు వాస్తవాలు

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకీ, పోటీ పరీక్షలు రాసేవాళ్లకీ సోషియాలజీ చెబుతుంటాను. ఎవరి నోట్స్ చూసినా ఒక గళ్ల పట్టిక ఉంటుంది. డర్క్‌హైమ్ అంటే ఫంక్షనలిజం (సమాజంలో ప్రతి ఆచారం, వ్యవస్థ ఏదో ఒక పని చేస్తుందని చూడటం), మార్క్స్ అంటే సంఘర్షణ సిద్ధాంతం (సమాజాన్ని వర్గాల మధ్య పోరుగా చూడటం). వెబర్‌ని ఎక్కడ పెట్టాలో తెలియక మిగిలిన మూడో గడిలో, అంటే సింబాలిక్ ఇంటరాక్షనిజంలో (మనుషులు ఒకరితో ఒకరు మెలుగుతూ మాటలకీ గుర్తులకీ ఇచ్చుకునే అర్థాల నుంచి సమాజాన్ని చూడటం) పెడతారు. బిట్లకి ఇది చాలు. వ్యాసం రాయబోతే మాత్రం రెండో పేరాకే చేతులెత్తేయాలి.

అపోహ: మూడు దృక్పథాలనూ ఆ ముగ్గురే స్థాపించారు.

వాస్తవం: మార్క్స్ 1883లో, డర్క్‌హైమ్ 1917లో, వెబర్ 1920లో చనిపోయారు. ఆ పట్టిక వాళ్ల తర్వాత, ఎక్కువగా అమెరికా పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. ఫంక్షనలిజాన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టింది అమెరికన్ సోషియాలజిస్టులు పార్సన్స్, మెర్టన్. సింబాలిక్ ఇంటరాక్షనిజం అన్న పేరు మరో అమెరికన్ సోషియాలజిస్టు బ్లూమర్ 1937లో పెట్టాడు. దానికి ఆద్యుడిగా మనం చెప్పుకునే మీడ్ 1931లోనే పోయాడు. ఆయన పేరు మీద 1934లో వచ్చిన ‘మైండ్, సెల్ఫ్ అండ్ సొసైటీ’ని ఎక్కువభాగం విద్యార్థుల క్లాసు నోట్స్‌ నుంచి కూర్చారు. (శ్రద్ధగా నోట్స్ రాసుకునేవాళ్లు దీన్ని ధైర్యంగా చెప్పుకోవచ్చు.)

అపోహ: ఒక మనిషి ఎందుకు ఆత్మహత్య చేసుకుంటాడో డర్క్‌హైమ్ వివరించాడు.

వాస్తవం: ఒక్క మనిషి సంగతి ఆయన లెక్కలోకే రాదు. 1897 నాటి ‘సూసైడ్’ పుస్తకంలో ఆయన పట్టుకున్నది ఆత్మహత్యల రేటుని. ఒక్కో సమాజంలో ఆ రేటు ఏటా దాదాపు ఒకేలా ఎందుకుంటోంది? కేథలిక్కుల కంటే ప్రొటెస్టంట్లలో ఎందుకు ఎక్కువ? యుద్ధం వస్తే ఎందుకు తగ్గుతోంది? ఆర్థిక సంక్షోభంలోనే కాదు, ఉన్నట్టుండి సంపద పెరిగినప్పుడు కూడా రేటు పెరుగుతుందని చూపించాడు. మనవాళ్లు వదిలేసేది సరిగ్గా ఇదే. కోరికలకి హద్దు చెప్పే కట్టుబాట్లు సడలిపోవడమే ఆయన చెప్పిన అనోమీ. పేదరికం ఒకరకంగా అడ్డుకట్టలా పనిచేస్తుందని కూడా రాశాడు. అలాంటిది, రైతు ఆత్మహత్యల మీద ప్రశ్న వస్తే ‘పేదరికం వల్ల కలిగిన అనోమిక్ ఆత్మహత్య’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అప్పు, ఎండిన బోరు, కౌలు ఊసే ఉండదు.

డర్క్‌హైమ్ మీద వచ్చిన విమర్శ కూడా మనకి బాగా పనికొస్తుంది. ప్రభుత్వ లెక్కలంటేనే ఎవరో అధికారి ఒక మరణాన్ని ఫలానా రకం అని నిర్ణయించి రాసినవని, ఆ నిర్ణయాన్ని కూడా పరిశీలించాలని అమెరికన్ సోషియాలజిస్టు జాక్ డగ్లస్ 1967లో వాదించాడు. పట్టాదారు పాసుపుస్తకం లేని కౌలు రైతు చనిపోతే అది ‘రైతు’ ఆత్మహత్య కిందకి వస్తుందా రాదా అని మన జిల్లాల్లో నడిచే గొడవ గుర్తుచేసుకుంటే డగ్లస్ వెంటనే అర్థమవుతాడు.

అపోహ: మతమే పెట్టుబడిదారీ విధానాన్ని పుట్టించిందని చెప్పి వెబర్ మార్క్స్‌ని తిప్పికొట్టాడు.

వాస్తవం: ఈ మాటకి ఆధారంగా చూపించేది 1904-05లో అచ్చయిన ‘ప్రొటెస్టంట్ ఎథిక్’. దాని చివర్లో, ఒంటికన్ను భౌతికవాదం (అన్నిటికీ ఆర్థిక పరిస్థితులే మూలమనడం) స్థానంలో అంతే ఒంటికన్ను భావవాదాన్ని (అన్నిటికీ ఆలోచనలే మూలమనడం) పెట్టడం తన ఉద్దేశం కాదని ఆయనే రాశాడు. చివరి పేజీ దాకా ఎవరూ వెళ్లరేమో! కాల్విన్ అనే ప్రొటెస్టంట్ మతగురువు అనుయాయులకి తమకి మోక్షం రాసిపెట్టి ఉందో లేదో తెలియదు. ఆ టెన్షన్‌లో క్రమశిక్షణతో పనిచేశారు, విలాసాలకి ఖర్చుపెట్టలేదు, మిగిలింది మళ్లీ వ్యాపారంలో పెట్టారు. ఈ జీవనశైలికీ ఆధునిక పెట్టుబడిదారీ స్ఫూర్తికీ పొత్తు కుదిరిందన్నాడు, అంతవరకే.

అపోహ: మార్క్స్ మతాన్ని మత్తుమందని తిట్టాడు.

వాస్తవం: ఆ మాట ఉన్న, 1844లో అచ్చయిన పేరాలోనే మతం పీడితుల నిట్టూర్పు, హృదయం లేని లోకానికి హృదయం అని కూడా ఉంది. ఆ రోజుల్లో నల్లమందు నొప్పికి వాడే మందు కూడా.

అపోహ: సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్ (తగినవే బతుకుతాయి) డార్విన్ మాట.

వాస్తవం: ఇంగ్లండ్ సోషియాలజిస్టు స్పెన్సర్‌ది, 1864. డార్విన్ తర్వాత తీసుకున్నాడు.

అపోహ: పునాది వేసినవాళ్లంతా యూరప్ మగవాళ్లే.

వాస్తవం: ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కామ్టే రచనని 1853లో ఇంగ్లీషులోకి కుదించి తెచ్చిన ఇంగ్లండ్ రచయిత్రి హ్యారియట్ మార్టినో, సమాజాన్ని ఎలా పరిశీలించాలో 1838లోనే ఒక పుస్తకం రాసింది. అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్ ఫిలడెల్ఫియాలో ఇంటింటికీ తిరిగి చేసిన అధ్యయనం 1899లో వచ్చింది. వెబర్ తన పత్రికలో ఆయన వ్యాసం వేసుకున్నాడు కూడా.

ఇక అంబేద్కర్. 1916లో, పాతికేళ్ల వయసులో, కొలంబియా యూనివర్సిటీ సెమినార్‌లో కులం మీద పత్రం చదివారు. కులానికి మూలం గుంపు లోపలే చేసుకునే పెళ్లిళ్లేనన్నారు. గుంపు తన తలుపులు మూసుకోవాలంటే లోపల ఆడ, మగ లెక్క సరిపోవాలి. భర్త పోయిన స్త్రీ, భార్య పోయిన పురుషుడు ఆ లెక్కకి మిగులు. సతి, బలవంతపు వైధవ్యం, చిన్నపిల్లని భార్య పోయినవాడికి కట్టబెట్టడం, ఇవన్నీ ఆ మిగులుని సర్దే మార్గాలని చూపించారు. గొప్పవని ఈ ఆచారాలను పాటించలేదు, పాటిస్తున్నారు కాబట్టి గొప్పవయ్యాయి అన్నారు. ఆచారం చేసే పనినీ, ఆ పని కోసం ఎవరు బలయ్యారన్నదాన్నీ ఒకే వాదనలో పట్టుకున్న పత్రమిది. పాతిక పేజీలు కూడా ఉండదు, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది.