అటక మీది పంక్ కచేరీ క్యాసెట్: అపోహలు - వాస్తవాలు

పాత టేపుల్ని డిజిటల్‌లోకి మార్చి భద్రపరచడం నా పని. విజయవాడ గవర్నర్‌పేటలో మా గదికి వచ్చేవి ఎక్కువగా పద్యనాటకాలు, హరికథలు, పెళ్ళి సందడి, చనిపోయిన తాతగారి గొంతు. కిందటేడు పటమట నుంచి ఒక పెద్దాయన, అటక సర్దుతుంటే దొరికిందంటూ 90 నిమిషాల క్యాసెట్ తెచ్చారు. 1980ల చివర్లో అమెరికాలో చదువుకునేటప్పుడు ఆ ఊరి కుర్రాళ్ళ పంక్ బ్యాండ్ కచేరీకి వెళ్ళి, వాళ్ళని అడిగి, చిన్న రికార్డర్‌తో చేసుకున్న రికార్డింగ్ అది. "అమ్మాయ్, ఇందులో గోల తప్ప ఏం మిగల్లేదేమో, కాస్త చూడమ్మా" అన్నారు. దాని మీద పనిచేసిన మూడు వారాల్లో, మా పని గురించి జనం అనుకునే మాటలన్నీ మళ్ళీ విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పంక్ అంటేనే గోల, రికార్డింగ్ ఎలా ఉంటే ఏం?

పంక్ 1970ల మధ్యలో న్యూయార్క్, లండన్ క్లబ్బుల్లో ఊపందుకున్న రాక్ సంగీతం. రెండు నిమిషాల పాట, గిటార్ మీద మూడు నాలుగు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు), ఊపిరి తీసుకోనివ్వని వేగం. రామోన్స్ అనే న్యూయార్క్ బ్యాండ్ 1977 డిసెంబరు 31న లండన్ రెయిన్‌బో థియేటర్‌లో చేసిన కచేరీ 1979లో లైవ్ ఆల్బమ్‌గా వచ్చింది. అందులో గంటలోపే 28 పాటలున్నాయి. అంత వేగంలో డ్రమ్ము మీద పడే ఒక్కో దెబ్బా విడిగా వినపడాలంటే రికార్డింగ్‌ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

పైగా ఇందులో రెండు రకాల గరగర ఉంటుంది. గిటారిస్టు కావాలని యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) పెంచి తెప్పించుకున్నది ఒకటి, అంత శబ్దాన్ని తట్టుకోలేక రికార్డర్ పగలగొట్టింది ఇంకొకటి. మొదటిది సంగీతం, రెండోది లోపం. ఈ తేడా తెలుసుకోవాల్సింది చెవే. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్‌ని గట్టిగా వాడితే టేపు బుసతో పాటు సింబల్స్ (డ్రమ్స్ పక్కన ఉండే లోహపు పళ్ళేలు) మెరుపు కూడా పోతుంది, ఎందుకంటే రెండూ ఉండేది పై స్థాయిలోనే. అప్పుడు సింబల్స్ నీళ్ళలో మోగుతున్నట్టు వినిపిస్తాయి. పెద్దాయన టేపులో ఆ బుసని నేను దాదాపు అలాగే ఉంచేశాను.

అపోహ: డిజిటల్ చేయడమంటే ప్లే నొక్కి, కంప్యూటర్‌లో రికార్డ్ నొక్కడమే.

నాకు బాగా బాధ కలిగించే అపోహ ఇది. దీనివల్లే మంచి టేపులు "పాడైపోయాయి" అనిపించుకుని చెత్తబుట్టలోకి వెళ్తున్నాయి.

క్యాసెట్‌లో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపే. అది సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. అప్పట్లో రికార్డ్ చేసిన యంత్రంలో హెడ్ (టేపుకి ఆనుకుని శబ్దాన్ని రాసే, చదివే భాగం) ఏ కొంచెం వాలి ఉన్నా, హెడ్ తిన్నగా ఉన్న నా డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) ఆ టేపు దుప్పటి కప్పినట్టు మూగగా వినపడుతుంది. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ, సింబల్స్ విచ్చుకునే చోట ఆపాలి. ఇది ప్రతి టేపుకీ మళ్ళీ చేయాల్సిందే. పెద్దాయన క్యాసెట్‌కి ఈ ఒక్క పనితోనే పాటగాడి మాటలు అర్థమవడం మొదలైంది.

ఇక వేగం. విన్నకొద్దీ చివరి పాటలు మొదటి పాటల కన్నా కాస్త హెచ్చు శ్రుతిలో ఉన్నట్టు అనిపించింది. బ్యాండ్ ఊపు మీద ఉంది అనుకుని వదిలేయొచ్చు. కానీ పాటల మధ్య నిశ్శబ్దంలో స్టేజి యాంప్‌ల నుంచి వచ్చే కరెంటు హమ్ ఉంది, అంటే కరెంటు హెర్ట్జ్‌ని బట్టి మోగే గుయ్‌మనే శబ్దం. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ఆ హమ్ కొలిస్తే మొదటి పాట దగ్గర 60కి కాస్త పైన, చివర్లో 61.5 దగ్గర ఉంది. అంటే కచేరీ సాగేకొద్దీ రికార్డర్ బ్యాటరీలు నీరసించి మోటారు నెమ్మదించింది. నెమ్మదిగా నడిచిన టేపుని ఇప్పుడు సరైన వేగంలో పెడితే అది పరిగెత్తుతుంది. హమ్‌ని మళ్ళీ 60కి తెచ్చుకుంటూ మొత్తం రికార్డింగ్‌ని దిద్దాను. దానిలోనే 50 దగ్గర సన్నగా ఇంకో హమ్ కూడా కనిపించింది. అది మా గది వైరింగ్‌ది. ఎర్తింగ్ సరిచేసి, టేపు మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాను.

అపోహ: మిక్సర్ (మైకుల శబ్దాలన్నీ కలిపి స్పీకర్లకి పంపే పరికరం) నుంచి తీసిందే అసలైన రికార్డింగ్, జనంలో కూర్చుని చేసింది పనికిరాదు.

పెద్ద హాల్లో అయితే చాలావరకు నిజమే. చిన్న క్లబ్బులో గిటార్ యాంప్, డ్రమ్స్ వాటంతట అవే చెవులు దిమ్మెక్కేంత మోగుతాయి కాబట్టి వాటిని మిక్సర్‌లోకి అంతగా పంపరు. అందుకని మిక్సర్ టేపులో పాటగాడి గొంతు ఒక్కటే ముందుకొచ్చి, గిటార్ ఎక్కడో వెనక సన్నగా ఉంటుంది. గదిలో ఉన్నవాళ్ళు విన్నదేమిటో జనంలోంచి చేసిన టేపే చెబుతుంది. రెండూ దొరికితే రెండూ దాచాలి.

అపోహ: పాటలుంచి, మధ్యలో మాటలు కోసేస్తే బాగుంటుంది.

దయచేసి కోయకండి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పద్యనాటకం రికార్డింగ్ నుంచి "వన్స్‌మోర్" కేకలు తీసేస్తే, అదే పద్యం రెండోసారి ఎందుకు పాడారో వినేవాడికి ఎలా తెలుస్తుంది? వాషింగ్టన్‌కి చెందిన ఫుగాజీ అనే పంక్ బ్యాండ్ 1987 నుంచి 2002 వరకు వెయ్యికి పైగా కచేరీలు చేసింది. వాళ్ళ సౌండ్ ఇంజనీర్లు అందులో 800కి పైగా రికార్డ్ చేశారు. 2011 నుంచి వాటిని ఒక్కొక్కటే అందరికీ అందుబాటులోకి తెచ్చారు. ఒక్కో కచేరీకి 5 డాలర్లు అడిగి, 1 నుంచి 100 వరకు ఎంతైనా ఇవ్వొచ్చన్నారు. అదే పాట ఒక ఊళ్ళో ఎలా వచ్చింది, ఇంకో ఊళ్ళో ఎలా మారింది అన్నది అలా దాచినప్పుడే తెలుస్తుంది. ముందు వరసలో తోసుకుంటున్న వాళ్ళని పాట ఆపి మందలించడం ఆ బ్యాండ్‌కి అలవాటు. ఆ మందలింపూ కచేరీలో భాగమే.

పెద్దాయన టేపులో మొదటి వైపు చివర, బ్యాండ్ శ్రుతి చేసుకుంటుండగా "ఒరేయ్, టేపు అయిపోతోంది, తిప్పు" అని తెలుగులో ఒక గొంతు వినపడుతుంది. ఆయన రూమ్మేట్ అట. ఆ మాట వినగానే ఆయన హెడ్‌ఫోన్ తీసేసి కాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు.

అపోహ: బూజు పట్టిన క్యాసెట్‌ని ఎండలో పెడితే బాగవుతుంది.

విజయవాడ ఎండలో అయితే అస్సలు వద్దు. పెట్టె వంకర తిరుగుతుంది, లోపలి ప్యాడ్ జిగురు ఊడుతుంది. బూజు ఉన్నట్టే ప్లే చేస్తే అది డెక్‌కీ, ఆ తర్వాత పెట్టే ప్రతి టేపుకీ అంటుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ వైపు నుంచి బురద నీళ్ళలో తడిసిన క్యాసెట్లు వచ్చాయి. బురద ఎండిపోకముందే తెచ్చినవి, పెట్టె విప్పి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో ఆరబెడితే చాలావరకు నిలిచాయి. ఇంట్లో ఎండబెట్టి తెచ్చిన వాటితో చాలా కష్టమైంది.

అపోహ: ఎంపీ3 చేసుకున్నాం, ఇక క్యాసెట్ పారేయొచ్చు.

ఎంపీ3 ఫోన్‌లో వినడానికి సరిపోతుంది. దాచాల్సింది 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు, అంటే శబ్దాన్ని కుదించకుండా పూర్తిగా ఉంచే ఫైలు. కనీసం రెండు వేర్వేరు డిస్కుల్లో, ఇంకో కాపీ వేరే ఊళ్ళో ఉండాలి. క్యాసెట్ కూడా ఉంచండి.

అపోహ: క్యాసెట్ నాది కాబట్టి ఆన్‌లైన్‌లో పెట్టే హక్కూ నాదే.

కాదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణతో ప్రదర్శన ఇచ్చేవారికీ అందులో హక్కు వచ్చింది. ఇప్పుడు అది 50 ఏళ్ళు ఉంటుంది. పాట రాసినవాళ్ళ హక్కు వేరే. ఆ రోజు రికార్డ్ చేసుకోమన్నంత మాత్రాన లోకానికంతా పంచమన్నట్టు కాదు.

పెద్దాయన ఆ బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయించినాయన ఆచూకీ పట్టి ఉత్తరం రాశారు. ఆ రాత్రిది తమ దగ్గర ఏమీ లేదని, ముందు తాము వినాలని ఉందని వారం తర్వాత జవాబొచ్చింది. దిద్దిన ఫైలూ, దిద్దకముందు ఎలా ఉందో ఆ ఫైలూ, రెండూ పంపాం. రూమ్మేట్ మాటకి పక్కనే ఇంగ్లీషు అర్థం రాసి పెట్టాను.