హెడ్ గాస్కెట్ పోయిందా? పికప్ ట్రక్ నడిపేవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

పికప్ హీట్ ఎక్కి ఆగిపోయిందంటే చాలామంది నోట వచ్చే మొదటి మాట "హెడ్ గాస్కెట్ పోయింది". ఒక్కోసారి అది నిజమే. కానీ ఏ పరీక్షా చేయకుండా హెడ్ దించేసి, తీరా చూస్తే గాస్కెట్ బాగానే ఉండి, లోపం ఇంకెక్కడో బయటపడిన బండ్లు మా దగ్గరికి చాలానే వస్తుంటాయి. గాస్కెట్ నిజంగా పోయినా, అది దానంతటదే పోవడం తక్కువ. దాన్ని పాడుచేసిన కారణం ఇంకా బండిలోనే ఉంటుంది.

సిలిండర్ బ్లాక్‌కీ, దాని మీద బిగించే హెడ్‌కీ మధ్య ఉండే పల్చటి పొర ఈ గాస్కెట్. మండే గ్యాసు, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), ఆయిల్ ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపడమే దాని పని. ఎక్కడ తెగిందన్న దాన్ని బట్టి లక్షణాలు మారతాయి. ఒక్క లక్షణం చూసి తేల్చేయడం వల్లే పొరపాట్లన్నీ.

అపోహ: సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ వస్తే గాస్కెట్ పోయినట్టే.

చల్లటి ఉదయం స్టార్ట్ చేయగానే కనిపించే పల్చటి పొగ ఉత్త నీటి ఆవిరి. ఇంజన్ వేడెక్కితే అదే పోతుంది. వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, తియ్యటి వాసన ఉండి, ట్యాంకులో కూలెంట్ తగ్గుతుంటే అప్పుడు అనుమానించాలి. డీజిల్ బండిలో ఇంకో తిరకాసు ఉంది. ఇంజెక్టర్ సరిగ్గా స్ప్రే చేయకపోయినా, గ్లో ప్లగ్ (చల్లటి డీజిల్ ఇంజన్ స్టార్ట్ అవడానికి సిలిండర్‌ని వేడిచేసేది) పనిచేయకపోయినా మండని డీజిల్ తెల్ల పొగగా వస్తుంది. దానికి డీజిల్ వాసన ఉంటుంది, కళ్లు మండుతాయి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈజీఆర్ కూలర్, అంటే ఇంజన్ వదిలే పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేముందు చల్లబరిచే భాగం. దాని లోపల కూలెంట్ తిరుగుతుంది. అది చిట్లితే కూలెంట్ తగ్గడం, తెల్ల పొగ, అప్పుడప్పుడు మిస్ కొట్టడం, అన్నీ గాస్కెట్ పోయినట్టే ఉంటాయి. డీజిల్ పికప్‌లో హెడ్ మీద చెయ్యి వేసేముందు ఈజీఆర్ కూలర్‌ని విడిగా ప్రెషర్ పెట్టి చూడాల్సిందే.

అపోహ: ఆయిల్ మూత కింద తెల్లటి మడ్డి ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి.

రోజూ కొద్ది దూరమే తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆవిరైపోక మూత కింద మీగడలా పేరుకుంటుంది. మూత కాదు, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కూడా మడ్డి ఉందేమో చూడండి. ఇంకా అనుమానంగా ఉంటే బండిని రాత్రంతా కదల్చకుండా ఉంచి, పొద్దున డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేయండి. కూలెంట్ ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున ఉన్నదే ముందు వస్తుంది.

కూలెంట్ ట్యాంకులోనే ఆయిల్ తేలుతుంటే ముందు ఆయిల్ కూలర్ (కూలెంట్‌తో ఆయిల్‌ని చల్లబరిచే భాగం) వైపు చూడాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి కూలెంట్ ఒత్తిడి కంటే ఎక్కువ, అందుకే కూలర్ తెగితే ఆయిల్ అటు వెళ్తుంది. "ఆయిల్ శుభ్రంగా ఉంది, గాస్కెట్ బాగున్నట్టే" అనుకోవడమూ ఇంతే తప్పు. మండే గ్యాసు కూలెంట్‌లోకి దూరే లీకులో ఆయిల్ చివరిదాకా శుభ్రంగానే ఉంటుంది.

అపోహ: హెడ్ విప్పితే తప్ప తెలియదు.

విప్పకుండానే దాదాపు అంతా తెలుస్తుంది. ముందుగా ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు (వేడిగా ఉండగా రేడియేటర్ మూత ఎప్పుడూ తీయొద్దు) మూత బిగించి స్టార్ట్ చేసి, పై హోస్ పైపు పట్టుకుని చూడండి. కూలెంట్ ఇంకా చల్లగా ఉండగానే పైపు రాయిలా బిగుసుకుంటే, లోపలికి గ్యాసు దూరుతోందని గట్టి అనుమానం. కూలెంట్ ట్యాంకులో బుడగలు రావడం కూడా గుర్తే, కాకపోతే ఈమధ్యే కూలెంట్ మార్చి ఉంటే లోపల చిక్కిన గాలి కూడా బుడగలే ఇస్తుంది. గాలి పూర్తిగా తీశాకా ఆగకుండా వస్తుంటేనే లెక్క.

తర్వాత రసాయన పరీక్ష. రేడియేటర్ నోటి దగ్గర గొట్టం పెట్టి, లోపలి గాలిని నీలం ద్రవం గుండా లాగుతారు. కార్బన్ డయాక్సైడ్ ఉంటే ద్రవం పసుపు రంగుకి తిరుగుతుంది. డీజిల్‌లో ఐడిల్ మీద (ఎక్సలేటర్ నొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) మార్పు అంత స్పష్టంగా ఉండదు. కాబట్టి ఒక్కసారి రంగు మారలేదని వదిలేయకండి.

నాకు అన్నిటికంటే నమ్మకమైనది ప్రెషర్ పరీక్ష. మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా (చాలా బండ్లలో సుమారు 1 బార్) పంపుతో ఎక్కించి రాత్రంతా వదిలేస్తాం. పొద్దున ప్లగ్గులు తీసి, సన్నటి కెమెరా దించి చూస్తే కథ కళ్లకు కడుతుంది. మిగతా పిస్టన్లు మసిపట్టి నల్లగా ఉంటాయి. కూలెంట్ దూరిన సిలిండర్‌లో పిస్టన్ తల మాత్రం ఎవరో తోమినట్టు తెల్లగా మెరుస్తూ, అంచున ఒక తడి మరక కనిపిస్తుంది.

పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి) పడిపోతే, వాటి మధ్యే గాస్కెట్ తెగిందని మొదటి అనుమానం. ఇంకా ఖచ్చితంగా కావాలంటే పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైభాగానికి తెచ్చి, సిలిండర్‌లోకి గాలి ఎక్కించాలి. రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్ గానీ, హెడ్‌లో చీలిక గానీ. సైలెన్సర్‌లోంచి గాలొస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ మూతలోంచి గట్టిగా వస్తే పిస్టన్ రింగులు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ టక్కున ఆగిపోతే మళ్లీ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లు చేరి ఉండొచ్చు. నీళ్లు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

అపోహ: గేజ్ ముల్లు పైకి వెళ్లలేదు, కాబట్టి హీట్ ఎక్కలేదు.

సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. కూలెంట్ ఖాళీ అయితే ముల్లు కిందికి దిగొచ్చు కూడా. హీటర్ ఉన్నట్టుండి చల్లగాలి కొడితే వెంటనే బండి పక్కకు తీసి ఆపండి.

అపోహ: హీట్ ఎక్కకుండా ఉండాలంటే థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) తీసేస్తే సరిపోతుంది.

సరిపోదు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాటే బైపాస్ దారిని (రేడియేటర్‌కి వెళ్లకుండా కూలెంట్ తిరిగే దారిని) కూడా మూస్తుంది. అది లేకపోతే కూలెంట్ రేడియేటర్‌కి పూర్తిగా వెళ్లక వేడి ఇంకా పెరుగుతుంది.

అపోహ: సీలర్ (లీకు మూసే మందు) డబ్బా పోస్తే హెడ్ దించే పని తప్పుతుంది.

కూలెంట్ ఒత్తిడి సుమారు 1 బార్. మండేటప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి పెట్రోల్‌లో పదుల బార్లు, ఇప్పటి డీజిల్‌లో 100 దాటుతుంది. ఆ ఒత్తిడిని డబ్బా మందు ఎన్నాళ్లు ఆపుతుంది? చిన్న లీకు కొన్నాళ్లు ఆగినట్టు కనిపించినా, అదే మందు రేడియేటర్, హీటర్ సన్న గొట్టాల్ని కూడా మూసేస్తుంది.

అపోహ: పాత గాస్కెట్ తీసి కొత్తది పెడితే చాలు.

అసలు పని గాస్కెట్ పెట్టడంలో లేదు, దానికి ముందుంది. అల్యూమినియం హెడ్‌ని వేడిగా ఉండగా విప్పితే వంగుతుంది. పూర్తిగా చల్లారాక, బిగించిన వరసకి వ్యతిరేకంగా, చివరల నుంచి మధ్యకి కొద్దికొద్దిగా వదులు చేయాలి. దించాక స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి బద్ద) పెట్టి పొడవునా, అడ్డంగా, మూలల నుంచి మూలలకి దాని కింద సందుని ఫీలర్ గేజ్ (కొలత తెలిసిన పల్చటి రేకులు)తో కొలవాలి. చాలా ఇంజన్లలో అనుమతించే వంపు 0.05 నుంచి 0.10 మి.మీ. లోపే. మీ ఇంజన్ మాన్యువల్‌లో ఎంత ఉంటే అదే ఖాయం. హెడ్ ఒక్కటే కాదు, బ్లాక్ పైభాగమూ కొలవాలి. తర్వాత హెడ్‌ని ప్రెషర్ పెట్టి, వాల్వుల మధ్య చీలికలున్నాయేమో చూడాలి.

కొన్ని డీజిల్ హెడ్లని అసలు ఫేసింగ్ (మెషిన్ మీద చెక్కి సమం చేయడం) చేయకూడదు. చాలా డీజిల్ ఇంజన్లలో పిస్టన్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకొస్తుందో డయల్ గేజ్‌తో కొలిచి, దానికి తగిన మందం గాస్కెట్ ఎంచుకోవాలి. ఆ మందాన్ని గాస్కెట్ అంచున గంట్లతోనో రంధ్రాలతోనో గుర్తు పెడతారు. పాతదాన్ని పారేయకుండా ఆ గుర్తులు చూసుకోండి.

ఇంకో సంగతి. బ్లాక్‌ని గ్రైండర్ డిస్క్‌తో గీకకండి. ఆ ఇసుకలాంటి పొడి ఆయిల్ దారుల్లోకి చేరితే బేరింగులు పోతాయి. పైగా స్టీల్ పొరల గాస్కెట్‌కి చాలా నున్నటి ఉపరితలం కావాలి, డిస్క్ అక్కడ పల్లాలు చేస్తుంది.

అపోహ: సిలికాన్ పూసి, బోల్టులు ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది.

స్టీల్ గాస్కెట్‌ని మామూలుగా పొడిగానే పెట్టాలి. ముందు కవర్ కలిసే చోట లాంటి కొన్ని మూలల్లో మాత్రమే మాన్యువల్ సీలెంట్ అడుగుతుంది. చాలా ఇంజన్లలో హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగే రకం. ముందు టార్క్, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటే, సాధారణంగా కొత్త బోల్టులే వేయాలి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, కూలెంట్ మిగిలితే బిగించేటప్పుడు బ్లాకే పగలొచ్చు. గాలితో ఊది ఆరబెట్టాకే మధ్య నుంచి బయటికి, విడతలుగా బిగించాలి.

అపోహ: హెడ్ ఎక్కించి స్టార్ట్ చేస్తే పని అయిపోయినట్టే.

రేడియేటర్ బయట మట్టి పట్టి ఉందా, లోపల పూడుకుపోయిందా, థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, వాటర్ పంపు రెక్కలు అరిగాయా, మూత స్ప్రింగ్ పట్టు ఉందా చూడండి. బరువు లాగే పికప్‌లో ఫ్యాన్ క్లచ్‌ని (వేడిని బట్టి రేడియేటర్ ఫ్యాన్ వేగం పెంచే భాగాన్ని) మరీ జాగ్రత్తగా చూడాలి. ఖాళీ బండిలో దాని లోపం బయటపడదు, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే హీట్ పైకి పోతుంది. ఆయిల్, ఫిల్టర్ మార్చి, హీటర్ తెరిచి ఉంచి, కూలెంట్‌లో గాలి పూర్తిగా తీయాలి. ఆయిల్‌లో నీళ్లు కలిసిన బండికైతే కొద్దిగా తిరిగాక ఆయిల్ ఇంకోసారి మార్చండి. మొదటి వారం రోజూ ఉదయం ఇంజన్ చల్లగా ఉండగా కూలెంట్ మట్టం చూసుకోండి. మొదటి రెండు రోజుల్లో కాస్త తగ్గితే మిగిలిన గాలి బయటికి వచ్చిందని అర్థం. ఆ తర్వాత కూడా తగ్గుతూ ఉంటే లోడు వేయకుండా మళ్లీ ప్రెషర్ పెట్టించండి.