నొప్పి పోయిన సంగతి టెండన్‌కి తెలియదు

కుడి భుజానికి ఆపరేషన్ అయిన తొమ్మిదో వారంలో అటక మీద నుంచి పప్పు డబ్బా దింపాను, అదీ కుడిచేత్తోనే. స్లింగ్ తీసేసి మూడు వారాలైంది, నొప్పి దాదాపు లేదు, రాత్రిళ్లు మళ్లీ మంచం మీదే నిద్రపడుతోంది (అంతకు ముందు నెలన్నర వాలుకుర్చీలోనే పడుకున్నాను), పైగా చిన్నప్పుడు నడుముకి బెండ్లు కట్టుకుని మోటబావిలో దూకిన దగ్గర్నుంచి ఈత వదలనివాణ్ని, 63 ఏళ్లకి పెద్ద వయసువాళ్లకి పెట్టే మాస్టర్స్ పోటీల్లో ఫ్రీస్టైల్‌కి దిగేవాణ్ని, రెండు కిలోల డబ్బా ఒక లెక్కా అనుకున్నాను. మర్నాడు ఫిజియో అమ్మాయికి చెప్తే తిట్టలేదు. "ఇంట్లో స్టూలు లేదా అంకుల్?" అంది, అంతే. ఆ మాటతో భయం పట్టుకుని, అసలు భుజం లోపల ఏం జరుగుతోందో చదవడం మొదలుపెట్టాను.

మన దగ్గర ఏది పట్టేసినా, బెణికినా, తెగినా "నరం" అనేస్తాం. మా అపార్ట్‌మెంట్‌లో అందరి లెక్కలో నాకు భుజం నరం తెగింది. నరం వేరు, అది మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసే తీగ. నాకు తెగింది టెండన్, అంటే కండని ఎముకకి కట్టి ఉంచే తాడు.

తుంటి దగ్గర బంతి లాంటి ఎముక లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో ఆ సుఖం లేదు, చిన్న సాసర్ మీద బత్తాయి పెట్టినట్టుంటుంది. చెయ్యి ఇన్ని వైపులా తిరిగేది అందుకే, కీలు జారే ప్రమాదం ఎక్కువైందీ అందుకే. బత్తాయి దొర్లిపోకుండా పట్టుకునేది నాలుగు చిన్న కండలు. వాటి టెండన్లు బంతి చుట్టూ చొక్కా కఫ్‌లా అల్లుకుని ఉంటాయి కాబట్టి రొటేటర్ కఫ్ అన్నారు. వాటిలో సుప్రాస్పైనేటస్ అనేదాని టెండన్ పైకప్పులాంటి ఎముక కింద ఇరుకు సందులోంచి వెళ్తుంది. ఎక్కువగా తెగేది అదే.

ఇప్పుడు ఈత లెక్క చూడండి. నేను వెళ్లే పూల్ 25 మీటర్లది. రోజుకి 2 కిలోమీటర్లంటే 80 ల్యాపులు, ల్యాపుకి 20 స్ట్రోక్‌లు, ఒక్కో చేతికి 800. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 50 వారాలు వేసుకుంటే ఒక్కో జబ్బ 2 లక్షల సార్లు తలపైకి లేచి తిరుగుతుంది. రెక్కలు ముక్కలు చేసుకోవడమంటే ఇదే కాబోలు. కెనడీ, హాకిన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1974లోనే ఈతగాళ్ల ఈ భుజం నొప్పి మీద వ్యాసం రాస్తూ స్విమ్మర్స్ షోల్డర్ అన్నారు, ఆ పేరే స్థిరపడింది. దీనికి వయసు తోడైతే ఇక చెప్పక్కర్లేదు, టెండన్‌కి అసలే రక్తం అందేది తక్కువ, ఏళ్లు గడిచేకొద్దీ అది పీచుపీచుగా అవుతుంది. 60 దాటినవాళ్లకి స్కాన్ తీస్తే ఏ నొప్పీ లేనివాళ్లలోనూ చిరుగులు కనిపించడం మామూలే.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చిన్న కంతల్లోంచి కెమెరా పెట్టి, కీలులోకి సెలైన్ పంపి ఉబ్బించి, ఎముకలో చిన్న మేకుల్లాంటి యాంకర్లు దించి, వాటి దారాలతో టెండన్‌ని లాగి కట్టేస్తారు. మెడ దగ్గర ఇచ్చిన మత్తు వల్ల ఆ రాత్రంతా చెయ్యి నాది కానట్టే పడి ఉంది.

అసలు కథ ఆ తర్వాతే. పుట్టుకతో మనకున్న అతుకు చాలా తెలివైనది. మెత్తని తాడు ఒక్కసారిగా గట్టి ఎముకని తాకదు, మధ్యలో మృదులాస్థి, ఆ తర్వాత కాల్షియం పట్టిన మృదులాస్థి, అప్పుడు ఎముక, ఇలా మెట్లుమెట్లుగా గట్టిపడుతూ వెళ్తుంది. కుట్టాక ఆ మెట్లు మళ్లీ సరిగ్గా రావు. ఆ చోట మచ్చకణజాలం పెరుగుతుంది, గాయం మానాక చర్మం మీద మిగిలే మచ్చలాంటిదే. మొదటి రోజుల్లో వాపు, తర్వాత కొన్ని వారాలు అడ్డదిడ్డంగా పుట్టే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పీచు, ఆపైన నెలల తరబడి అది లాగుడు పడే దిశలో సర్దుకుంటూ గట్టిపడటం. ఈ చివరి పని ఏడాది పైనే సాగుతుంది. ఇల్లు కట్టినవాళ్లకి ఇది తెలిసిన విషయమే. స్లాబ్ వేసిన మర్నాడే పైకెక్కి నడవచ్చు, చూస్తే ఆరినట్టే ఉంటుంది, అలాగని ఎవరైనా సెంట్రింగ్ పీకేస్తారా? నా భుజంలో దారాలూ యాంకర్లూ ఆ సెంట్రింగ్ కర్రలు, స్లింగ్ కూడా అందులో భాగమే. నొప్పేమో వాపు తగ్గేకొద్దీ తగ్గిపోతుంది, దానికి స్లాబ్ గట్టిపడటంతో సంబంధం లేదు. నాలాంటి ఈతగాడికి గుండె, ఊపిరి, కాళ్లు అన్నీ రెండు నెలలకే రెడీ అంటాయి, ఒళ్లు మొత్తం ఒకవైపు, ఒక్క టెండన్ ఒకవైపు. మళ్లీ తెగే కేసుల్లో చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే తెగుతాయట. పప్పు డబ్బా తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

అలాగని కదపకుండా ఉంచేసినా కీలు బిగుసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఆ బెడద ఎక్కువ, ఫ్రోజెన్ షోల్డర్ వాళ్లకే ఎక్కువగా వస్తుంది, షుగర్ అదుపులో లేకపోతే టెండన్ అతకడం కూడా నెమ్మదే. మన హైదరాబాద్‌లో ఈ మాట ఎంతమందికి తగులుతుందో చెప్పక్కర్లేదు. అందుకే కండ పని చేయకుండా చెయ్యి మాత్రం కదిలే ఉపాయాలు కావాలి. ముందుకి వంగి, చేతిని బావిలో చేదలా వదిలేసి, ఒంటి ఊపుతో అది దానంతటదే ఊగేలా చేయడం వాటిలో ఒకటి. బోస్టన్‌లో కాడ్‌మన్ అనే సర్జన్ పేరు మీద చెలామణి అవుతోంది. భుజం మీద ఆయన పుస్తకం 1934లో వచ్చింది, వ్యాయామం మాత్రం ఇంకా పాతబడలేదు.

స్లింగ్ నాకు ఆరు వారాలు, బలం పెంచే వ్యాయామాలు పన్నెండో వారం తర్వాత. చిరుగు పెద్దదైతే ఈ లెక్క ఇంకా సాగుతుంది కాబట్టి నా క్యాలెండర్ మీరు అరువు తీసుకోవద్దు, మీ సర్జన్‌నే అడగండి.

నీళ్లలోకి ఈత కంటే ముందే పంపారు, గాయాలు పూర్తిగా మానాక. మెడ లోతులో నిలబడితే నీరు మన బరువులో పదో వంతు మాత్రమే మనకి వదులుతుంది. గట్టు మీద ఎత్తలేని చెయ్యి నీళ్లలో దానంతటదే తేలుతూ పైకొస్తుంటే మొదటిరోజు నవ్వొచ్చింది. అయితే నీటికి ఇంకో గుణం ఉంది, వేగం రెట్టింపు చేస్తే అది అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. నెమ్మదిగా కదిపితే ఊయల, విసురుగా కదిపితే జిమ్‌లో బరువు. అందుకే నీటిని ఇంకా గట్టిగా నెట్టడానికి అరచేతులకి తగిలించుకునే ప్యాడిల్స్ ఇంకా బీరువాలోంచి బయటికి తీయలేదు. పట్టుకుని తేలుతూ కాళ్లాడించే పలక, కిక్‌బోర్డ్ కూడా వద్దన్నారు, అది పట్టుకుంటే రెండు చేతులూ గంటసేపు తలపైకి చాచి ఉండాలి కదా. వెల్లకిలా పడుకుని, చేతులు పక్కన పెట్టుకుని కాళ్లే ఆడించాను, పక్క లేన్‌లో ఆరేళ్ల పిల్లలు నన్ను దాటేసి వెళ్తుంటే.

అయిదో నెలలో ఫ్రీస్టైల్. 20 స్ట్రోక్‌ల ల్యాపుకి 26 పట్టాయి. చెయ్యి నీటిని పట్టడం లేదు, జారిపోతోంది. స్ట్రోక్ మొదలు నుంచి చివరి దాకా విశ్రాంతి లేకుండా పనిచేసే కండలు రెండున్నాయి, కఫ్‌లోని సబ్‌స్కాపులారిస్ ఒకటి, రెక్క ఎముకని పక్కటెముకలకి అదిమిపెట్టే సెరాటస్ ఆంటీరియర్ ఇంకొకటి. ఈ రెండోది ఈతగాళ్లు పట్టించుకోగా నేను చూడలేదు, నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు రోజూ గోడకి చేతులానించి పుషప్‌లు తీస్తున్నది దానికోసమే. ఒళ్లు పక్కకి దొర్లించి చెయ్యి వేయడం కూడా కొత్తగా నేర్చుకుంటున్నాను, చదునుగా పడుకుని చెయ్యి లేపితే పాత సందులోనే మళ్లీ నలుగుతుంది.

మాస్టర్స్ ఈతలో దొరికే ఓదార్పు ఒకటుంది. అయిదేళ్లకో గ్రూపు, ఆ ఏడాది డిసెంబర్ 31కి ఎంత వయసుంటే అదే లెక్క. వచ్చే ఏడాది కాక ఆపై ఏడాది నేను 65-69లోకి వెళ్తాను, అక్కడ నేనే కుర్రాణ్ని. 2002 జాతీయ క్రీడలకి కట్టిన గచ్చిబౌలి 50 మీటర్ల పూల్‌లో మళ్లీ దిగాలని ఉంది, అక్కడ గోడలు తక్కువ, స్ట్రోక్‌లు ఎక్కువ. ప్రస్తుతానికి ల్యాపుకి 26 స్ట్రోక్‌లు కాస్తా 24కి దిగాయి. రెండు చేతులూ ఒకేసారి తలపైకి విసిరే బటర్‌ఫ్లై సంగతి ఫిజియో అమ్మాయిని ఇంకా అడగలేదు.