ముప్పై శాతం ఉండగానే ఫోన్ ఎందుకు చచ్చి బతుకుతుంది?

ఒక పాఠకురాలు అడిగారు: "ఫోన్ కొని మూడేళ్లయింది. ఛార్జింగ్ 30 శాతం ఉండగానే దానంతటదే ఆఫ్ అయి ఆన్ అవుతోంది. వీడియో కాల్ చేస్తే మరీనూ. ఛార్జర్ పెట్టి వాడితే మాత్రం ఏ గొడవా లేదు. రిపేర్ షాపులో బోర్డు పోయిందంటున్నారు, నిజమేనా?"

బోర్డు జోలికి పోకముందు, ఛార్జర్ పెడితే బాగుంటోందన్న మాట పట్టుకోవాలి. రోగం ఏమిటో ముప్పాతిక వంతు అక్కడే తెలిసిపోతోంది.

లైను చివర, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న ఇల్లు అనుకోండి. బోరు మోటార్ వెయ్యగానే వంటింట్లో బల్బు డల్ అయి, కాసేపటికి తేరుకుంటుంది. మోటార్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. తీగకు నిరోధం ఉంది కాబట్టి, కరెంటు పెరిగినకొద్దీ దారిలో పోయే వోల్టేజ్ కూడా పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏ లోటూ లేదు, లోటంతా దారిలోనే.

ఫోన్ బ్యాటరీలో ఆ తీగ లోపలే ఉంటుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో ఘటం అంతర్నిరోధం అని చదువుకున్నది ఇదే. పొటెన్షియోమీటర్ ప్రయోగం బట్టీపట్టించి మార్కులు వేయిస్తున్నాం కానీ, ఆ నిరోధం ప్రతి పిల్లవాడి జేబులోనూ ఉందని ఎవరూ చెప్పరు. నాకిది నిజంగా బాధగా ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. ఒకమాదిరి ఛార్జింగ్‌తో బ్యాటరీ 3.7 వోల్టుల దగ్గర ఉంది. కెమెరా, ప్రాసెసర్, సిగ్నల్ వెతికే రేడియో కలిసి ఒక్క క్షణం 3 ఆంపియర్లు లాగాయి. కొత్త బ్యాటరీ అంతర్నిరోధం 0.1 ఓమ్ అనుకుంటే దారిలో పోయేది 0.3 వోల్టు, ఫోన్‌కి 3.4 అందుతుంది. పాతబడి ఆ నిరోధం 0.25 ఓమ్ అయితే పోయేది 0.75 వోల్టు, మిగిలేది 2.95. బల్బు అయితే డల్ అయి ఊరుకుంటుంది. ప్రాసెసర్‌కి ఆ వీలు లేదు. వోల్టేజ్ చాలకపోతే లెక్కలు తప్పుతాయి, మెమరీలో చెత్త రాసేస్తుంది. అందుకే కాపలా కాసే పవర్ చిప్ ఠక్కున సరఫరా ఆపేస్తుంది. లోడు పోగానే వోల్టేజ్ మళ్లీ లేస్తుంది, ఫోన్ ఆన్ అవుతుంది. ఆన్ అవడానికీ కరెంటు బాగానే కావాలి కాబట్టి కొన్ని ఫోన్లు లోగో దగ్గరే మళ్లీ పడిపోతాయి.

తెర మీద కనిపించే 30 శాతం అబద్ధం కాదు. లోపల ఛార్జ్ అంత ఉంది. అడిగినంత వేగంగా బయటికి రావడం లేదు, అంతే.

తీగ ఎందుకు సన్నబడింది? బ్యాటరీలో గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద మొదటి ఛార్జింగ్‌లోనే ఒక సన్నని పొర ఏర్పడుతుంది. అది ఉండాల్సిందే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడికీ, ఎప్పుడూ నిండుగా ఉంచడానికీ అది మందమవుతుంది, లిథియం అయాన్లు దాన్ని దాటడానికి కష్టపడతాయి. చలి కూడా నిరోధాన్ని పెంచుతుంది. కాబట్టి ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న నమ్మకం పూర్తిగా తలకిందుల వైద్యం. పైగా బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఛార్జర్ పెట్టడమంటే ఇంటి గోడ పక్కనే మరో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినట్టు. భారం అది మోస్తుంది, బ్యాటరీ మీద ఒత్తిడి తగ్గుతుంది.

యాపిల్ చరిత్రలో దీనికి పెద్ద సాక్ష్యమే ఉంది. ఐఫోన్ 6ఎస్‌లు ఛార్జింగ్ ఉండగానే ఆగిపోతుంటే, 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1 అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో పాత బ్యాటరీ ఉన్న ఫోన్లలో ప్రాసెసర్ వేగానికి కళ్లెం వేశారు. పెద్ద మోటార్‌కి స్టార్ డెల్టా స్టార్టర్ బిగించినట్టే: ఒక్కసారిగా లాగే కరెంటు తగ్గింది, ఆగిపోవడాలు తగ్గాయి. ఇంజనీరింగ్‌గా చక్కని పరిష్కారమే, కొన్నవాళ్లకి వివరంగా చెప్పకపోవడం తప్పు. డిసెంబరులో గొడవ ముదిరాక క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29కి తగ్గించారు. కొత్త బ్యాటరీ వేస్తే వేగం తిరిగొచ్చేది.

కాబట్టి ముందు ఛార్జర్ పెట్టి ఫొటోలు, కాంటాక్టులు కాపీ చేసుకోండి, తర్వాత బ్యాటరీ మార్పించండి. వెనక ప్యానెల్ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ కూడా వద్దు, నేరుగా సర్వీస్ సెంటర్‌కే.

ఛార్జర్ పెట్టినా రీస్టార్ట్ ఆగకపోతే? పౌచ్ తీసి పవర్ బటన్ లోపలికి ఇరుక్కుందేమో చూడండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లోని అబౌట్ ఫోన్‌లో 'అప్ టైమ్', అంటే ఫోన్ ఆన్ అయి ఎంతసేపైందో చెప్పే లెక్క, ఉంటుంది. రీస్టార్ట్ అయినట్టు కనిపించినా ఆ గడియారం సున్నా నుంచి మొదలవలేదంటే, ఫోన్‌కి కరెంటు తెగలేదు. అన్నిటికీ అడుగున ఉండే మూల ప్రోగ్రామ్, కెర్నెల్, నడుస్తూనే ఉంది, దాని పైనున్న ఆండ్రాయిడ్ మాత్రమే కూలి లేచింది. అప్పుడు మనం వేసుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో పెట్టి, కొత్తగా వేసిన యాప్‌లు ఒక్కొక్కటీ తీసి చూడాలి.

యాప్ కూడా కానక్కర్లేదు. 2020లో ఒక సరస్సు ఫొటోని వాల్‌పేపర్‌గా పెట్టగానే కొన్ని ఆండ్రాయిడ్ 10 ఫోన్లు ఆగకుండా కూలిపోయాయి. ఆ ఫొటోలో రంగులు, తెరలు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల కొలత పద్ధతిలో లేవు. పిక్సెళ్ల వెలుగును లెక్కగట్టే కోడ్‌లో 0 నుంచి 255 దాకా 256 గళ్లే ఉన్నాయి. ఒక పిక్సెల్ విలువ ఆ హద్దు దాటింది, లేని గడిలో రాయబోయి తెరను నడిపే ప్రోగ్రామ్ కూలింది. లేవగానే మళ్లీ అదే వాల్‌పేపర్, మళ్లీ అదే పిక్సెల్. కొందరు ఫ్యాక్టరీ రీసెట్ చేసుకోవాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్ 11లో రంగుల్ని ముందే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి ఆ దారి మూసేశారు.