రొయ్య తలా, టమాటా గుజ్జూ

భీమవరం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "సంక్రాంతి రోజుల్లో రొయ్యలు, టమాటాలు, పచ్చి బఠాణీలు కలిపి సూప్ కాస్తే ఒక కమ్మదనం వస్తుంది. ఉత్త రొయ్యలతో కాచినా, ఉత్త టమాటాలతో కాచినా అది రాదు. ఎందుకండీ?"

జవాబు ఆమె వాడిన మాటలోనే ఉంది. ఉగాది పచ్చడితో మనం ఆరు రుచులు లెక్కపెడతాం, కమ్మదనానికి ఆ లెక్కలో చోటు లేదు. నెయ్యి వాసనను కూడా కమ్మన అంటాం గానీ, చేపల పులుసు కమ్మగా ఉందన్నప్పుడు మనం చెప్పేది చాలావరకు నాలుకకు తెలిసే ఒక రుచి గురించే. 1908లో టోక్యోలో కికునే ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన చారులో దాని మూలాన్ని పట్టుకున్నాడు: గ్లుటమేట్. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు షింటారో కొడామా ఎండబెట్టిన బోనిటో చేపలో రెండోదాన్ని కనిపెట్టాడు: ఇనోసినేట్.

నాలుక కొనకు తీపి, వెనక భాగానికి చేదు అంటూ పిల్లల చేత ఇంకా పటం గీయిస్తున్నారు. అది తప్పు. రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. చిటికెడు పంచదార నాలుక పక్కన పెట్టి చూడమంటే పిల్లలకే తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి. కమ్మదనాన్ని పట్టే గ్రాహకం టీ1ఆర్1, టీ1ఆర్3 అనే రెండు ప్రొటీన్ల జంట. అందులో టీ1ఆర్1 పైభాగం తెరుచుకున్న ఆల్చిప్పలా ఉంటుంది. గ్లుటమేట్ వచ్చి లోపల, బందు దగ్గర కూర్చుంటుంది. చిప్ప మూసుకుంటుంది, నాడికి కబురు వెళుతుంది. కానీ ఆ మూత గట్టిగా నిలవదు. రెండు పెదవుల మీదా ధనావేశం ఉన్న అమైనో ఆమ్లాలున్నాయి, అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇనోసినేట్ తోకలో ఉన్న ఫాస్ఫేట్‌ది రుణావేశం. అది పెదవుల మధ్య దూరి రెంటినీ దగ్గరకు లాగి పట్టుకుంటుంది. చిప్ప మూసుకునే ఉంటుంది, కబురు వెళుతూనే ఉంటుంది. అందుకే రెండూ సమానంగా కలిపితే కమ్మదనం రెట్టింపు కాదు, ఏడెనిమిది రెట్లవుతుంది. ఇక్కడ జరిగేది కూడిక కాదు, గుణకారం.

మీ గిన్నెలో గ్లుటమేట్ తెచ్చేది టమాటా, బఠాణీ. టమాటా పండేకొద్దీ అది పెరుగుతుంది. కండలో కంటే గింజల చుట్టూ ఉండే జిగురు గుజ్జులో ఎక్కువ. కాబట్టి గింజలు తీసేయకండి. పెదవులు పట్టే పని రొయ్యది. జీవం పోయాక కండకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం విరిగి, ఇనోసినేట్‌కు దగ్గరి చుట్టమైన ఏఎంపీ అవుతుంది. చేపల్లో అది త్వరగా ఇనోసినేట్‌గా మారుతుంది, రొయ్యల్లో, పీతల్లో ఏఎంపీగానే చాలాసేపు నిలుస్తుంది. ఏఎంపీ పట్టు ఇనోసినేట్ కంటే బాగా తక్కువే అయినా, రొయ్యకు గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చే తీపి కూడా తోడుంది.

ఈ విరుగుడు అక్కడితో ఆగదు. ఇనోసినేట్ ఇనోసిన్‌గా, ఆపైన హైపోజాంథిన్‌గా మారుతుంది. హైపోజాంథిన్ చేదు. పాతబడ్డ చేపలో కమ్మదనం పోయి చేదు తగలడానికి ఇదొక కారణం. ఐసు ఈ ఎంజైముల వేగాన్ని తగ్గిస్తుంది. ఐసు నిండుగా పోసిన తట్టలోంచే కొనండి.

కాచేటప్పుడు, ఒలిచిన తలలు, పెంకులు ముందు చెంచాడు నూనెలో వేయించండి. నూనె నారింజ రంగుకు తిరుగుతుంది. అది అస్టాజాంథిన్. పచ్చి రొయ్యలో ప్రొటీను బిగించి పట్టుకోవడంతో నీలిగా, బూడిదగా కనిపిస్తుంది. వేడికి ప్రొటీను పట్టు వదిలితే అసలు రంగు బయటపడుతుంది. అది నూనెలోనే కరుగుతుంది కాబట్టి నీళ్లలో ఉడికిస్తే ఇంత రంగు రాదు. తర్వాత లీటరు నీళ్లు పోసి, సన్నసెగ మీద ఇరవై నిమిషాలు ఉంచి వడకట్టండి. ఆ నీళ్లలో టమాటా, క్యారెట్, సొరకాయ ముక్కలు మెత్తబడ్డాక బఠాణీలు వేయండి.

చివర్లో కొంచెం పాలు పోస్తే బొల్లి వస్తుందేమోనని కూడా ఆమె అడిగారు. రాదు. బొల్లిలో మన రోగనిరోధక వ్యవస్థే రంగునిచ్చే కణాల మీద దాడి చేస్తుంది, చేపలూ పాలూ కలిపి తినడానికీ దానికీ సంబంధం లేదు. నిశ్చింతగా పోసుకోండి, పులుపుకి విరగకుండా పొయ్యి కట్టేశాక.

రొయ్యల కండ అన్నిటికంటే ఆఖర్న, పాలకు ముందు. రెండు నిమిషాలు చాలు. కొక్కెంలా వంగగానే దించేయండి, చుట్ట చుట్టుకుందంటే రబ్బరైపోయినట్టే.