'ఓల్డ్ టౌన్ రోడ్' వెనుక వందేళ్ల విభజన గీత

2019 మార్చిలో అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్, తన కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాటల జాబితాలో 19వ స్థానంలో అడుగుపెట్టిన ఒక పాటను అందులోంచి తీసేసింది. ఆ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'. పాడింది లిల్ నాస్ ఎక్స్, ఇరవై ఏళ్లు కూడా నిండని నల్లజాతి కుర్రాడు. నెట్‌లో 30 డాలర్లకు కొన్న బీట్ (వాద్య సంగీతం) మీద గుర్రాల మాటలు, బూట్ల మాటలు కట్టి పాడితే టిక్‌టాక్‌లో జనం ఎగబడ్డారు. నేటి కంట్రీ లక్షణాలు ఇందులో చాలినన్ని లేవని బిల్‌బోర్డ్ వివరణ ఇచ్చుకుంది. ఆ మాట నిలవదు. ర్యాపర్ నెల్లీతో కలిసి చేసిన రీమిక్స్ ఊతంతో ఫ్లోరిడా జార్జియా లైన్ వారి 'క్రూజ్' 2012-13లో ఇదే జాబితాలో మొత్తం 24 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ బృందంలో ఇద్దరూ తెల్లవాళ్లే.

ఈ గొడవకు మూలం 1920లలో ఉంది. అమెరికా దక్షిణాది పల్లెల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకరి పాటలు ఒకరు నేర్చుకుని పాడుకునేవారు. కంట్రీకి గుర్తుగా చెప్పుకునే బాంజో అనే తీగల వాద్యం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారిదే. రికార్డు కంపెనీలు మాత్రం నల్లవాళ్లవి 'రేస్' రికార్డులని, తెల్లవాళ్లవి 'హిల్‌బిల్లీ' పాటలని విడివిడిగా అమ్మాయి. బాణీలు కలిసినా కేటలాగులు కలవలేదు. బిల్‌బోర్డ్ జాబితాలు ఆ విభజన మీదే లేచాయి. 1944లో జూక్‌బాక్సుల (నాణెం వేస్తే పాట వినిపించే యంత్రాల) లెక్కతో మొదలైన 'ఫోక్' జాబితా కంట్రీ చార్టుకు తొలి రూపం. ఆ ఏడాదే నల్లజాతి గాయకులు లూయీ జోర్డాన్, నాట్ కింగ్ కోల్ దాని శిఖరానికి చేరారు. తలుపు తెరిచే ఉందనిపిస్తుంది. కానీ 1962లో నల్లజాతి గాయకుడు రే చార్లెస్ పాడిన కంట్రీ పాట దేశమంతటి జాబితాలో 5 వారాలు మొదటి స్థానంలో ఉన్నా కంట్రీ జాబితాలోకి రానేలేదు. 1966లో నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ తొలి రికార్డులను కంపెనీ ఆయన ఫొటో లేకుండానే రేడియోలకు పంపింది. తర్వాత ఆయన పాటలు 29 కంట్రీ జాబితాలో నంబర్ వన్ అయ్యాయి.

1990 నుంచి 2012 దాకా కంట్రీ జాబితాను నడిపింది కంట్రీ రేడియో స్టేషన్లు. ఆ ఏడాది అక్టోబరులో స్ట్రీమింగ్, డిజిటల్ అమ్మకాలనూ లెక్కలో కలిపారు. అందుకే రేడియో అండ లేని కుర్రాడి పాట అంత దూరం వెళ్లగలిగింది. ఏ పాట కంట్రీయో తేల్చే అధికారం మాత్రం పత్రిక చేతిలోనే మిగిలింది.

తీసేశాక ఏప్రిల్‌లో కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్ రీమిక్స్‌లో గొంతు కలిపాడు. పాట బిల్‌బోర్డ్ దేశమంతటి జాబితా హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచి, అప్పటిదాకా ఉన్న 16 వారాల రికార్డును దాటేసింది. కంట్రీ రేడియో ప్రసారాలనే లెక్కించే జాబితాలో మాత్రం 50వ స్థానం దాటి పైకి పోలేదు. 2024లో బియాన్సే 'టెక్సస్ హోల్డ్ ఎమ్'తో కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరిన తొలి నల్లజాతి మహిళ అయింది. అదే ఏడాది నల్లజాతి గాయకుడు షబూజీ పాట హాట్ 100లో ఆ 19 వారాల రికార్డును అందుకుంది, కంట్రీ రేడియోలోనూ నంబర్ వన్ అయింది.