చందూకి, అమ్మలుకి: ట్యాగులు మూయడం గురించి

అమ్మలూ, చందూ,

మొన్న ఫోన్లో మీ వాదన విన్నాను. వెబ్ పేజీకి టెంప్లేట్ ఉండాల్సిందేనని అమ్మలు, పైథాన్ ప్రోగ్రాం నుంచే హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీని ట్యాగులతో రాసే భాష) రాయిస్తే పోలా అని చందు. నేను చందు వైపే, కానీ వాడు రాసే పద్ధతి చూస్తే నాకు భయం వేస్తోంది, అందుకే ఈ ఉత్తరం.

టెంప్లేట్ అంటే శుభలేఖ కవరు మీద 'శ్రీ' అని అచ్చు వేసి పక్కన గీత వదిలినట్టు, పేర్లు తర్వాత నింపుకుంటాం. పేజీ చిన్నదైతే హాయి. కానీ లూపు, అంటే ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించడం, కావాలంటే ఫర్, ఎండ్‌ఫర్ అంటూ టెంప్లేటుకి మళ్ళీ ఒక చిన్న భాష నేర్చుకోవాలి, పైథాన్ ఫైల్లో తప్పుని ఎర్రగీత గీసి చూపించే ఎడిటర్ చాలాసార్లు అక్కడ ఊరుకుంటుంది.

చందు ఏమో ట్యాగుల్ని, అంటే పేజీలో ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తుల్ని, కొటేషన్లలో పెట్టి ప్లస్సులతో అతికిస్తున్నాడు. ఒకప్పుడు నేనూ అంతే. 1990ల చివర్లో ఒక కాలేజీకి పెర్ల్ భాషలో మార్కుల పేజీ రాశాను, నంబరు కొడితే పట్టిక వస్తుంది. పరీక్ష రాసినవాళ్ళకు ఒక ఇఫ్, రానివాళ్ళకు ఎల్స్. ఆ ఎల్స్‌లో టేబుల్ మూసే ట్యాగు ప్రింట్ చేయడం మర్చిపోయాను. నా దగ్గర ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సర్దుకుని చూపించేసింది. ల్యాబులో ఉన్నది నెట్‌స్కేప్ 4 బ్రౌజర్, మూసే ట్యాగు లేకపోతే అది పట్టికనే చూపించదు. తెల్ల పేజీ! ఆ ఒక్క ట్యాగు కోసం రాత్రి పదకొండు దాకా టెన్షన్‌తో వెతికాను.

కాబట్టి చందూ, ట్యాగుని స్ట్రింగ్‌గా (కొటేషన్లలోని ఉత్త అక్షరాలుగా) కాదు, ఫంక్షన్‌గా రాయి. ట్యాగు పేరు, లోపల ఉండాల్సినవి ఇస్తే తెరవడం, మూయడం అదే చేస్తుంది, ఇక మర్చిపోవడానికి నీ చేతిలో ఏమీ ఉండదు. వరుస అనే ఫంక్షన్ లోపల గడి అనే ఫంక్షన్, పేజీ ఆకారమే నీ కోడ్ ఆకారం అవుతుంది. వెబ్ పేజీలు కట్టడానికి 2013లో వచ్చిన రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలోనూ ట్యాగుల్లా కనిపించేవి చివరికి ఫంక్షన్ పిలుపులే.

ఇంకోటి, ఇది అసలైనది. ఎవరైనా పేరు అడిగే గడిలో స్క్రిప్ట్ ట్యాగు (బ్రౌజర్ చేత కోడ్ నడిపించే ట్యాగు) కొట్టారనుకో, ప్లస్సులతో అతికిస్తే ఆ కోడ్ నిజంగానే ఆ పేజీ చూసినవాళ్ళ బ్రౌజర్లో నడుస్తుంది! ఆ ఫంక్షన్‌లోనే బయటి నుంచి వచ్చిన ప్రతి < గుర్తునీ మామూలు అక్షరంలా కనిపించేలా మార్చేయాలి. పైథాన్‌లో హెచ్‌టీఎంఎల్ మాడ్యూల్లోని ఎస్కేప్ ఆ పని చేస్తుంది. అమ్మలూ, ఇక్కడ నీ మాటకీ బలముంది, పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలోని టెంప్లేట్లు 2008లో వచ్చిన 1.0 నుంచీ దీన్ని చెప్పకుండానే చేస్తున్నాయి. పైథాన్ రాని డిజైనరు ఆ పేజీ దిద్దాల్సి వస్తే కూడా టెంప్లేటే మేలు.

చందూ, ముందు ఆ ఫంక్షన్ రాసి, అమ్మలు చేత పేరు దగ్గర స్క్రిప్ట్ ట్యాగు కొట్టించు. ఏం కనబడిందో ఆదివారం ఫోన్లో చెప్పండి.

మీ బాబాయి